స్క్రూ తిరుగుతోంది, బిగియడం లేదు

పడగ్గది తలుపు నేలను రాసుకుంటూ కిర్రుమంటోంది. వంగి చూస్తే పై బందు గుమ్మం నుంచి నూలు మందం పైకి లేచి ఉంది. స్క్రూడ్రైవర్ తెచ్చి బిగించబోతే స్క్రూ తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. చేతికి ఎక్కడా బిగువు తగలదు. గోటితో లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, మరల సందుల్లో కాస్త గోధుమరంగు పొడి అంటుకుని.

హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి కొత్త స్క్రూ తెస్తాం. అదీ అలాగే తిరుగుతుంది. మా వీధి మేస్త్రి ఒకసారి ఆ పాత స్క్రూని అమ్మ చేతిలో పెట్టి, "దీనికేం రోగం లేదమ్మా, దీన్ని పట్టుకోవాల్సిన కర్రే అరిగిపోయింది" అన్నాడు. తర్వాత చెవిమీది బీడీని కాదు, జేబులోని అగ్గిపెట్టెను తీశాడు. నాలుగు పుల్లలు విరిచి, ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చాడు. అప్పట్లో నాకది మోసంలా అనిపించింది. డబ్బులిచ్చి పిలిపిస్తే అగ్గిపుల్లలు పెట్టి పోతాడా అనుకున్నాను. ఆ తలుపు మాత్రం ఇంకో పన్నెండేళ్లు వంగలేదు.

అగ్గిపుల్ల ఎందుకు పనిచేసిందో, ఎక్కడ పనిచేయదో తెలియాలంటే ముందు స్క్రూ కర్రను ఎలా పట్టుకుంటుందో చూడాలి.

కర్ర అంటే ఒక ముద్ద కాదు. చెట్టు నిలువునా సాగిన సన్నని గొట్టాల మోపు. మేస్త్రులు నార అనేది దాన్నే. స్క్రూ లోపలికి దిగేటప్పుడు దాని మరలు ఈ నారను కొంత కోసి, కొంత పక్కకు తోసి, మధ్య సందుల్లోకి చొప్పించుకుంటాయి. బయటికి లాగితే ఒక్కో మర కింద ఒక్కో కర్ర మెట్టు అడ్డం పడుతుంది. పట్టంతా ఆ మెట్లదే. అవి తెగి పొడైతే రంధ్రం నున్నటి గొట్టం అవుతుంది, స్క్రూ అందులో తేలుతుంది.

పోయిన కర్ర ఎంత? తలుపు బందులకు మనం తరచుగా వాడే ఎనిమిదో నంబరు స్క్రూకి మరలతో కలిపి మందం 4.2 మి.మీ., మరలు లేని కాండం మందం సుమారు 3 మి.మీ. అంటే ఒక్కో పక్క పోయింది దాదాపు 0.6 మి.మీ. మాత్రమే. అగ్గిపుల్ల మందంలో మూడోవంతు. నలభై కిలోల తలుపు వేలాడుతున్నది ఆ కొంచెం కర్ర మీదే.

అమెరికాలో మాడిసన్ అనే ఊళ్లో అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఒకటి ఉంది. స్క్రూలను రకరకాల కర్రల్లోంచి లాగి చూసి లెక్కలు కట్టిన సంస్థ అది. వాళ్ల లెక్క ప్రకారం స్క్రూ పట్టు దాని మందాన్ని బట్టి, కర్రలో దిగిన మరల పొడవును బట్టి నేరుగా పెరుగుతుంది. కర్ర సాంద్రతను బట్టి మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే కర్ర రెండింతలు చిక్కనిదైతే పట్టు నాలుగింతలు. మన పెద్దవాళ్లు గుమ్మానికి చేవ ఉన్న కర్రే కావాలని పట్టుబట్టడంలో ఈ లెక్క కూడా దాగి ఉంది. నారకు అడ్డంగా దిగిన స్క్రూకంటే నార వెంట, అంటే కర్ర కొసలోంచి, దిగిన స్క్రూకి పట్టు సుమారు నాలుగింట మూడొంతులే అన్నది వాళ్లే తేల్చిన ఇంకో సంగతి. దీన్ని గుర్తుంచుకోండి, అగ్గిపుల్ల దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

ఎప్పుడూ పై బందే ఎందుకు ఊడుతుంది? చిన్న గుణకారం చాలు. తలుపు బరువు 40 కిలోలు, వెడల్పు 90 సెం.మీ. అనుకుందాం. బరువు నడిమధ్య, బందుల నుంచి 45 సెం.మీ. దూరంలో పడుతుంది. పై బందుకూ కింది బందుకూ మధ్య 150 సెం.మీ. దూరం. 40ని 45తో గుణించి 150తో భాగిస్తే 12. అంటే పై బందును గుమ్మం నుంచి బయటికి 12 కిలోల బరువు అహోరాత్రాలూ లాగుతుంటుంది. కింది బందును అదే 12 కిలోలు గుమ్మంలోకి నొక్కుతుంటుంది. కింది బందు స్క్రూలు అంత పదిలంగా ఉండటానికి కారణం వాటి గొప్ప కాదు, వాటికి లాగుడు పని లేదు, అంతే. ఇక ఇరవై కిలోల పిల్లాడు తలుపు గడియ పట్టుకుని ఊగాడంటే, బందుల నుంచి 80 సెం.మీ. దూరంలో, పై బందు మీద లాగుడు 23 కిలోల దాకా పోతుంది. ఈదురుగాలికి తలుపు ఠపీమని కొట్టుకున్నప్పుడు ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు.

అయినా 12 కిలోలు నాలుగు స్క్రూలకు పంచితే ఒక్కోదానికి మూడేగా. మంచి కర్రకు అది లెక్కలోకి రాని బరువు. కాబట్టి ఒక్క బరువే రంధ్రాన్ని తినేయదు. దానికి తోడు దొంగలు చాలామంది ఉన్నారు.

మొదటివాడు కాలం. శ్రావణంలో తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేయడం, రోహిణికార్తెలో ఎండి సందులు ఇవ్వడం ఏటా చూసేదే. ఉబ్బినప్పుడు కర్ర ఇనుప స్క్రూకి ఒత్తుకుంటుంది. ఇనుము జరగదు కనుక నలిగేది కర్రే. ఎండాకాలంలో అది ముడుచుకున్నాక, నలిగిన మేరకు ఖాళీ మిగులుతుంది. పది పదిహేను ఏళ్లు ఇలా జరిగితే ఎవరూ ముట్టుకోకుండానే స్క్రూ వదులవుతుంది. రెండోవాడు తుప్పు. తేమ తగిలే చోట ఇనుప స్క్రూ చుట్టూ కర్ర నల్లబడి, గోరుతో గీకితే పొడిగా రాలుతుంది చూడండి, కర్రలోని వగరు పదార్థం, ఇనుము, నీరు మూడూ కలిసి చేసే పని అది. బాత్రూమ్ తలుపుకు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడమనేది అందుకే. మూడోవాడు మనమే. కిర్రుమంటోందని బందు మీద కొబ్బరినూనె ఒలకబోస్తాం. ఆ నూనె స్క్రూ వెంట లోపలికి దిగి కర్రకు పడుతుంది. రేపు అక్కడ ఏ జిగురూ అంటుకోదు.

నాలుగోవాడు కొత్తగా వచ్చిన బ్యాటరీ డ్రిల్లింగ్ మిషన్. చేత్తో బిగించినప్పుడు చాలు అని మణికట్టుకు తెలుస్తుంది. మిషన్‌కు తెలియదు. దాని మెడ దగ్గర అంకెలున్న పట్టీ ఒకటి ఉంటుంది. ఏ అంకె మీద పెడితే అంత బిగువు దగ్గర అది టకటకమని ఆగిపోవాలి. మన ఇళ్లకు వచ్చేవాళ్లలో ఆ పట్టీ తిప్పేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. కొత్త ఇంట్లో మొదటిరోజే రంధ్రాలు పోవడం వెనుక ఎక్కువగా ఉండేది ఇదే.

సరే, బాగుచేయడం. ముందు ఒక పరీక్ష. స్క్రూడ్రైవర్ మొనతో రంధ్రం చుట్టూ గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే మరమ్మతు నిలుస్తుంది. మొన మెత్తగా దిగిపోయినా, పొడి రాలినా అక్కడ చెదో, నానుడో ఉన్నట్టు. ఎన్ని పుల్లలు పెట్టినా దండగ. ఆ భాగం కోసి కొత్త కర్ర వేయాల్సిందే.

కర్ర గట్టిగా ఉంటే, పైన లెక్క కట్టిన ఆ 0.6 మి.మీ. కర్రను తిరిగి ఇవ్వాలి. జిగురునో లప్పాన్నో కాదు, కర్రనే. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు రెండు చెక్కలు ఒకదానికొకటి ఆనుకున్నప్పుడు వాటిని విడదీయలేనంత గట్టిగా పట్టుకుంటుంది. ఖాళీని నింపమంటే మాత్రం దానికి చేతకాదు. ఎండేకొద్దీ ముడుచుకుని డొల్లగా మిగులుతుంది. రంధ్రం నిండా ఫెవికాల్ పోసి స్క్రూ దించేవాళ్లు అందుకే నెల తిరక్కుండా మళ్లీ మేస్త్రికి ఫోన్ చేస్తారు. రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్ ముద్ద కాస్త నయం, కానీ పొట్టులో నార తునాతునకలైపోయి ఉంటుంది. మరకు అడ్డుపడే పొడవు దానికి లేదు. పైపై గీతలు పూడ్చడానికి బాగుంటుందే తప్ప బరువు మోయడానికి కాదు.

అగ్గిపుల్ల వాడేటప్పుడు ఒక మెలిక ఉంది. మైనపు పుల్లలు అసలు పనికిరావు, అవి మైనం పట్టించిన కాగితం. చెక్క పుల్లలకు కూడా మంట సులువుగా అందుకోవడానికి తలవైపు కొంతమేర మైనంలో ముంచుతారు. మైనం ఉన్నచోట జిగురు పట్టదు. అందుకని మందుతో పాటు దాని కింద వేలెడు కాకపోయినా గోరెడు మేర విరిచి పారేసి, మిగతా భాగమే వాడాలి. అగ్గిపుల్ల కర్ర మెత్తనిదన్నది రెండో చిక్కు. సాంద్రత వర్గం లెక్కను గుర్తుచేసుకుంటే, టేకు గుమ్మంలో మెత్తటి పుల్ల పెట్టడం పాత పట్టుకంటే తక్కువ పట్టు ఇవ్వడమే. నా మటుకు నేను వెదురునే నమ్ముతాను. పళ్లు కుట్టుకునే వెదురు పుల్లలు, కబాబ్ గుచ్చే పుల్లలు, ఏవీ లేకపోతే కాలిపోయిన అగరుబత్తి అడుగున మిగిలే వెదురు పుల్ల, శుభ్రంగా గీకి. పూజగదిలో రోజూ రెండు మిగులుతాయి.

రంధ్రంలోని పొడిని ఊది బయటికి పంపండి. నూనె వాసన ఉన్నా, కర్ర టేకైనా, దూదిని అసిటోన్‌లో (గోళ్లరంగు చెరిపేది) తడిపి లోపల తుడిచి ఆరనివ్వండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. పుల్లలను జిగురులో ముంచి, ఒకటి, రెండు, మూడు, ఇక దూరదనిపించేదాకా పెట్టండి. సుత్తితో మెల్లగా తట్టండి. మరీ కూరితే గుమ్మం అంచు పగులుతుంది. పైకి పొడుచుకొచ్చిన కొసలను ఉలితో సమం చేయండి. ఆ తర్వాత మన దేశంలో ఎవరికీ చేతకాని పని ఒకటుంది, ఆగడం. జిగురు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. ఈలోగా తలుపు కింద చెక్క ముక్క ఎగదోసి ఉంచండి, బరువు మిగతా స్క్రూల మీద పడకుండా.

మర్నాడు నేరుగా స్క్రూ దించకుండా ముందు సన్న రంధ్రం వేయాలి. గట్టి కర్రలో ఆ రంధ్రం స్క్రూ కాండం మందంలో నూటికి తొంభై వంతులు, మెత్తటి కర్రలో డెబ్బై వంతులు ఉండాలన్నది ఆ మాడిసన్ వాళ్ల కొలత. మన ఎనిమిదో నంబరుకు టేకులో అయితే సుమారు 2.7 మి.మీ., మెత్తటి కర్రలో 2 మి.మీ. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రాస్తే సులువుగా దిగుతుంది. సబ్బు రాసేవాళ్లున్నారు, కానీ సబ్బు తేమను పీల్చి తుప్పు తెస్తుంది. ఇత్తడి స్క్రూ అయితే ముందు అదే కొలత ఇనుప స్క్రూని దించి, దారి చేసి, తీసేసి, ఆపైన ఇత్తడిది పెట్టాలి. ఇత్తడి మెత్తన, తల తెగి లోపల ఉండిపోతే దాన్ని తీయడం నరకం.

ఇప్పుడు నార సంగతి. గుమ్మం నిలువు కర్రలో నార నిలువుగా ఉంటుంది, స్క్రూ అడ్డంగా దిగుతుంది, మెట్లు బలంగా ఉంటాయి. మనం దూర్చిన పుల్లల్లో నార స్క్రూ వెంబడే అడ్డంగా పడుకుంటుంది. అంటే స్క్రూ ఇప్పుడు కర్ర కొసలోకి దిగినట్టే, పట్టు నాలుగింట మూడొంతులే. గుండ్రటి చెక్క కడ్డీ కోసి దిగగొట్టినా ఇదే తంతు. పుల్లలు పక్కలకు ఒత్తుకోవడం వల్ల, జిగురు వల్ల ఆ లోటు చాలావరకు పూడుతుంది కనుక మామూలు తలుపుకు అది చాలు. వీధి తలుపు, బరువైన గేటు, ఊయల కొక్కెం దగ్గర చాలదు. అక్కడ పనితెలిసిన మేస్త్రి పాత రంధ్రాన్ని ఉలితో చతురస్రంగా తొలిచి, అదే జాతి కర్రలోంచి ఒక ముక్క కోసి, దాని నార గుమ్మం నారతో ఒకే దిక్కున ఉండేలా దించుతాడు. జిగురు ఆరాక చిత్రిక పడితే అతుకు కనిపించదు. ముక్క ఎటు తిప్పి పెడుతున్నాడో చూస్తే చాలు, ఆ మేస్త్రి ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో అర్థమవుతుంది.

పుల్లలూ గిల్లలూ లేకుండా తేలికదారి లేదా? ఉంది, పొడవైన స్క్రూ. మన పాత ఇళ్ల గుమ్మాలు దళసరివి. అంగుళం స్క్రూ తీసి రెండంగుళాలది వేస్తే వెనక ఎవరూ ముట్టుకోని కర్ర దొరుకుతుంది. గుమ్మం విషయంలో నేను మొదట చేయమనేది అదే. లావు స్క్రూ వేయడం మాత్రం మంచిది కాదు. బందు రంధ్రంలోని గుంటలో దాని తల పూర్తిగా కూర్చోదు, తలుపు మూసినప్పుడు రెండు రేకుల మధ్య అడ్డుపడి, మూసిన ప్రతిసారీ బందును పెళ్లగిస్తుంది.

వార్డ్‌రోబ్‌లు, వంటింటి అల్మరాల కథ వేరు. వాటికి ఎక్కువగా వాడే పార్టికల్ బోర్డ్ అంటే చెక్క పొట్టుకు జిగురు కలిపి ఒత్తిన పలక. దానిలో పొడవైన నారే లేదు, ఒకసారి మర తెగితే పక్కన సాయానికి వచ్చేదీ లేదు. పొడవు స్క్రూ వేద్దామంటే పలక మందం 18 మి.మీ., కొస అవతలి సన్‌మైకాలోంచి తొంగిచూస్తుంది. ఇక్కడ పాత రంధ్రాన్ని 8 లేదా 10 మి.మీ.కు పెంచి, గట్టి కర్ర కడ్డీని ఆరాల్డైట్ వంటి రెండు ట్యూబుల జిగురుతో దించడం మేలు. ఆ జిగురు ముడుచుకోదు, పొట్టు సందుల్లోకి పాకి చుట్టుపక్కల పలకనూ గట్టిపరుస్తుంది. సింకు కింద నీళ్లు తగిలి ఉబ్బిన పలకకు మాత్రం వైద్యం లేదు. బందును నాలుగంగుళాలు పైకో కిందికో జరిపి కొత్తచోట బిగించుకోవడమే.

రంధ్రంలో మెత్తటిది కూరి, స్క్రూతో దాన్ని పక్కలకు ఉబ్బించి పట్టు తెచ్చే ఈ ఉపాయమే గోడలకూ పనికొస్తుంది. ఒకప్పుడు గోడలో పెద్ద గుంట తవ్వి చెక్క మేకు కొట్టేవారు. 1911 ప్రాంతంలో లండన్‌లో జాన్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు నారను జిగురుతో చుట్టి చిన్న గొట్టంలా చేశాడు. 1958లో జర్మనీలో ఆర్థర్ ఫిషర్ దాన్నే నైలాన్‌తో చేశాడు. ఇవాళ ఫొటో తగిలించే ప్రతి ఇంట్లో గోడలో ఉండే రంగు ప్లాస్టిక్ గొట్టాల పుట్టుక అది. గోడ కోసం పుట్టిన ఆ ప్లాస్టిక్ ముక్కను కర్రలో పెట్టకండి. కర్రను అది చీలుస్తుంది.

సంగీత వాయిద్యాల దగ్గర చేయి ఇంకా తేలిగ్గా పడాలి. గిటార్ పట్టీ తగిలించే గుండీ స్క్రూ వదులైతే, నిలబడి వాయిస్తున్నప్పుడు వాయిద్యం మొత్తం నేలపాలవుతుంది. దానికి వెదురు పుల్లా, తెల్ల జిగురూ చాలు. ఫెవిక్విక్ పోస్తే పని నిమిషంలో అయిపోతుంది గానీ, చుక్క జారి పక్కన పడితే పాలిష్‌ను తినేస్తుంది. అది దూది మీద పడితే వేడెక్కి పొగ వస్తుంది కూడా. స్ట్రింగులు బిగించే కీల వెనుక ఉండే బుల్లి స్క్రూలకు మాత్రం పల్చటి ఫెవిక్విక్ ఒక్క చుక్క రంధ్రంలో ఇంకనిచ్చి, బాగా ఆరాక స్క్రూ దించడం చాలామంది చేసే పనే. నార గట్టిపడి కొత్త మర పడుతుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లకు మెడ నాలుగు స్క్రూల మీద ఉంటుంది. ఆ స్క్రూలు గిటార్ ఒంట్లో వదులుగా జారిపోయి, మెడలో మాత్రమే మర పట్టాలి. మెడ రంధ్రం పూడ్చి మళ్లీ తొలిచేటప్పుడు డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోకపోతే మెట్ల పలకలోంచి అవతలికి వస్తుంది.

హార్మోనియం అంతకంటే సున్నితం. పద్యనాటకాల బృందాలతో లారీలెక్కి, భజన మందిరాల్లో అరుగుల మీద తడిసి ఎండి, అది పడినన్ని కష్టాలు మరే వాయిద్యమూ పడి ఉండదు. 42 మెట్లు, రెండు వరసల రీడ్లు ఉన్న పెట్టెలో 84 రీడ్లుంటాయి. ఒక్కో ఇత్తడి పట్టీ రెండేసి చిన్న స్క్రూలతో పలకకు బిగించి ఉంటే, మొత్తం 168 స్క్రూలు. ఏ ఒక్కటి వదులైనా గాలి పక్కసందులోంచి జారి, ఆ స్వరం బలహీనపడుతుంది లేదా జీరగా మోగుతుంది. స్వరం పాడైందని రీడును గీకి శ్రుతి చేయబోయేవాళ్లున్నారు. ముందు స్క్రూ తిప్పి చూడాలి. ఆ పలక సన్నన కనుక పొడవు స్క్రూ వేస్తే అవతలి గాలిగదిలోకి రంధ్రం పడుతుంది. లావు పుల్ల కూరితే పలక పగులుతుంది. పట్టీని పక్కకు తీసి, వెదురును బ్లేడుతో సూదిలా చెక్కి, జిగురు అంటీ అంటనట్టు రాసి దించాలి. రీడు నాలుక మీద జిగురు పడితే ఆ స్వరం అక్కడికి సరి.

బొబ్బిలిలో ఒకే పనస దుంగలోంచి తొలిచే ఏకాండి వీణలో స్వరాన్ని పట్టి ఉంచే బిరడాకు స్క్రూ లేదు, రాపిడే పట్టు. బిరడా జారితే సుద్ద రాస్తారు. రంధ్రమే అరిగితే దాన్ని కర్రతో పూడ్చి, ఏటవాలుగా మళ్లీ తొలుస్తారు. 24 మెట్లను నిలిపేదీ మైనమే. అవసరమైతే వెచ్చచేసి జరపొచ్చు. వాయిద్యాలు చేసేవాళ్లు తిరిగి విప్పలేని పని చేయరు. అందుకే వీణకో హార్మోనియంకో ఎం-సీల్ పూసిన మరమ్మతు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తర్వాత బాగుచేయబోయేవాడికి అక్కడ రాయి తగులుతుంది.

రంధ్రం అరక్కుండా చూసుకునే పని ఒకటుంది, దానికి పుల్ల కూడా అక్కర్లేదు. తీసిన స్క్రూని మళ్లీ పెట్టేటప్పుడు నేరుగా బిగిస్తే అది పాత మరను దాటి పక్కనే కొత్త దారి కోసుకుంటుంది. ఇలా నాలుగుసార్లు తీసి పెడితే మెట్లన్నీ తెగిపోతాయి. అలా కాకుండా స్క్రూని రంధ్రంలో ఆనించి, ముందు విప్పే వైపుకే, ఎడమకు, మెల్లగా తిప్పండి. ఒకచోట అది చిన్నగా కిందికి జారి చేతికి 'టిక్'మని తగులుతుంది. పాత మర మొదలు అదే. అక్కణ్ణుంచి కుడివైపు తిప్పితే రెండు వేళ్లతోనే చివరిదాకా పోతుంది. చివర్న ఒక్క పావు చుట్టు స్క్రూడ్రైవర్‌తో.